ఏ పని మీద?

"తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు" అన్న సామెత మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే. సామెతల్లోని స్త్రీ వ్యతిరేకత మీద మన పత్రికల్లో చాలా చర్చ జరిగింది. మళ్ళీ ఆ జోలికి పోను. అయితే ఈ సామెతలో ఒక విషయాన్ని మనం అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. ఇది స్త్రీని గడప దాటవద్దనడం లేదు. నీళ్ళకీ, కట్టెలకీ, కలుపుకీ, నాట్లకీ, సంతకీ, ఆసుపత్రికీ స్త్రీలు ఎప్పుడూ వెళ్తూనే ఉన్నారు. ఆ వెళ్ళడాన్ని ఎవరూ తిరగడం అనరు. పనేమీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, తన ఇష్టం కొద్దీ వెళ్తే అప్పుడది తిరగడం అవుతుంది. సామెతకున్న అభ్యంతరమంతా దాని మీదే. నాలుగూళ్ళు తిరిగిన మగవాడు లోకం తెలిసినవాడు. నాలుగూళ్ళు తిరిగిన ఆడదానికి ఏ పేరు పెడతారో చెప్పనక్కర్లేదు.

పోయిన ఫిబ్రవరిలో నేనూ, నా స్నేహితురాళ్ళు ముగ్గురూ హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ళ మీద బయల్దేరి శ్రీశైలం, నంద్యాల, గండికోట చూసుకుని నాలుగో రోజు రాత్రికి ఇళ్ళకి చేరాం. మాలో ఒకరు లాయరు, ఒకరు ప్రభుత్వ పాఠశాలలో టీచరు, ఒకరు బ్యాంకు ఉద్యోగి. నేను సమాజశాస్త్రంలో పరిశోధన చేసుకునే మనిషిని. అందరం నలభైల్లో ఉన్నవాళ్ళమే. మొత్తం కలిపి సుమారు 850 కిలోమీటర్లు. బండ్ల మీద లడఖ్ దాకా పోయొచ్చే కుర్రాళ్ళ లెక్కలో ఇది ప్రయాణమే కాదు. దీన్ని సాహసయాత్రగా చెప్పుకునే ఉద్దేశం నాకూ లేదు. లోయల గురించీ సూర్యాస్తమయాల గురించీ రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను రాయదలుచుకున్నది ఆ నాలుగు రోజులూ మమ్మల్ని వెంటాడిన ఒక ప్రశ్న గురించి.

"ఏ పని మీద వెళ్తున్నారమ్మా?"

పెట్రోలు బంకులో, టీకొట్టు దగ్గర, అడవి గేటు దగ్గర, లాడ్జిలో, రోడ్డు మీద మా పక్కన బండి నడుపుతూ పోయే అపరిచితుల నోట, ఇదే ప్రశ్న. ఎన్నిసార్లు అడిగారో లెక్క రాసుకుందామనుకుని రెండో రోజుకే మానేశాను. అడిగినవాళ్ళలో చాలామంది చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. కల్వకుర్తి దాటాక టీ తాగుతుంటే ఒక ముసలాయన "ఏడికి వోతున్నరు బిడ్డా, గీ బండ్లేసుకొని?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "శ్రీశైలం" అనగానే ఆయన ముఖం విప్పారింది. "మంచిగ దర్శనం జేస్కోండ్రి" అన్నాడు. మేం దర్శనానికని చెప్పలేదు, ఆయనే ఆ అర్థం తీసుకున్నాడు. ఆ దారిలో శ్రీశైలం అన్న మాట గేటు పాసులాగా పనిచేసింది.

తీర్థయాత్ర స్త్రీకి సమాజం ఒప్పుకున్న ప్రయాణం. కాశీ, రామేశ్వరం, తిరుపతి పేరు చెప్పి మన అమ్మమ్మలు కొందరైనా నాలుగు ఊళ్ళు చూశారు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి పదిహేను నెలలు తిరిగిన ఏనుగుల వీరాస్వామయ్య గారూ కాశీయాత్ర పేరుతోనే వెళ్ళారు, ఈ నల్లమల మీదుగానే శ్రీశైలం చూశారు. కానీ ఆయన దారిలో ఊళ్ళూ, సత్రాలూ, కులాలూ, వానలూ, ధరలూ అన్నీ తీరిగ్గా రాసుకున్నారు. భక్తి ఆయన కుతూహలానికి అడ్డు రాలేదు. స్త్రీల విషయంలో భక్తి ఒక్కటే చెల్లుబాటయ్యే కారణం, కుతూహలం కారణం కాదు.

ఇల్లు కదలడం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ప్రయాణంలో కష్టమైన భాగం అదే. బుల్లెట్ దాదాపు 190 కిలోలుంటుంది, దాన్ని ఆడవాళ్ళు ఎలా మోస్తారని చాలామంది అడుగుతారు. బండిని ఎవరూ మోయరు, అదే మనల్ని మోస్తుంది. మోయాల్సినవి వేరే ఉన్నాయి. మా బ్యాంకు స్నేహితురాలు బయల్దేరే ముందు వారం రోజులూ నాలుగు రోజులకు సరిపడా దోసెల పిండి, పొడులు, పిల్లవాడి పరీక్షల టైం టేబులు, అత్తగారి మందుల చీటీ, గ్యాసు బండ నంబరు, ఇవన్నీ తయారుచేసి ఫ్రిజ్ తలుపు మీద అంటించి వచ్చింది. ఆమె భర్త రెండేళ్ళ క్రితం తన స్నేహితులతో గోవా వెళ్ళినప్పుడు బనియన్లు కూడా ఆమే సర్దింది. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిచాకిరిలో పాల్గొనే స్త్రీలు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. ఈ లెక్క మనం వేదికల మీద చాలాసార్లు చెప్తాం. నాలుగు రోజులు బయటికి వెళ్ళాలంటే ఆ 289 నిమిషాలను నాలుగుతో గుణించి, ముందే చేసి పెట్టి వెళ్ళాలన్నది మాత్రం ఆ ఫ్రిజ్ తలుపు చూస్తేనే అర్థమైంది. స్త్రీ సెలవు పెట్టదు, పనిని ముందుకు జరుపుకుంటుంది.

ఇక బండి. మోటారు సైకిలు మీద స్త్రీ ఎక్కడ కూర్చోవాలో మన చట్టానికి ఒక అభిప్రాయం ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ప్రకారం మోటారు సైకిలుకి వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆసరా ఉండాలి, వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. షోరూముల్లో దాన్ని చీర గార్డు అనే అంటారు. అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు, దాన్ని తప్పు పట్టడం లేదు. వెనక కూర్చున్న స్త్రీ పవిట చక్రంలో చుట్టుకుని ఎందరు పోయారో మనకి తెలుసు. కానీ ఆ ఇనప జాలీని చూసినప్పుడల్లా, ఈ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళకి స్త్రీ గుర్తొచ్చిన చోటు ఇదొక్కటే కదా అనిపిస్తుంది. ముందు సీటు ఎత్తు, హ్యాండిలు దూరం, బజారులో దొరికే చేతి తొడుగులు, జాకెట్లు, మోకాలి రక్షణలు అన్నీ ఇంకొకరి ఒంటి కొలతలతో ఉంటాయి. స్త్రీల కోసం ప్రత్యేకం అని అమ్మేవాటికి గులాబీ రంగు మాత్రం తప్పకుండా వేస్తారు.

లైసెన్సులోనూ గేర్లు లేని బండికి వేరు, గేర్లున్న బండికి వేరు. ఒక రవాణా కార్యాలయంలో నేను గేర్ల బండికి పరీక్ష ఇవ్వడానికి వెళ్తే, నా ఫారం చూడకుండానే "స్కూటీయే కదమ్మా" అని టిక్కు పెట్టేశారు. దాన్ని కొట్టేయించుకోవడానికి ఒక పూట పట్టింది. గేర్లు లేని స్కూటర్లు స్త్రీలకి చేసిన మేలు తక్కువేమీ కాదు. తొంభైల నుంచీ మన పట్టణాల్లో ఉద్యోగాలకు వెళ్ళే ఆడపిల్లల జీవితాలను అవి మార్చేశాయి. మా బ్యాంకు స్నేహితురాలు ఈ ప్రయాణమంతా తన స్కూటరు మీదే చేసింది, ఎక్కడా వెనకబడలేదు. నా అభ్యంతరం స్కూటరు మీద కాదు, ఆ టిక్కు మీద.

స్త్రీలు పెద్ద బండ్లు నడపడం మన దేశానికి ఇష్టం లేదని కూడా అనలేం. 2018 జనవరి 26న రాజ్‌పథ్ మీద సరిహద్దు భద్రతా దళపు మహిళలు 'సీమా భవాని' పేరుతో బుల్లెట్ల మీద విన్యాసాలు చేస్తుంటే దేశమంతా చప్పట్లు కొట్టింది. కొట్టాల్సిందే, అంత నైపుణ్యం వాళ్ళది. అయితే అక్కడ స్త్రీ బండెక్కింది దేశం కోసం. మార్చి 8న నగరాల్లో కంపెనీలు జరిపే ర్యాలీల్లో బండెక్కేది చైతన్యం కోసం. రొమ్ము క్యాన్సర్ గురించో, ఆడపిల్లల చదువు గురించో, హెల్మెట్ల గురించో బ్యానర్ లేకుండా పదిమంది ఆడవాళ్ళు బండ్ల మీద వెళ్ళడం ఎప్పుడైనా చూశామా? అదే రోడ్డు మీద పదిమంది మగవాళ్ళు వెళ్తే వాళ్ళకి ఏ బ్యానరూ అవసరం లేదు. ఇది మన దగ్గరే కాదు. 1916లో అమెరికాలో అగస్టా, అడెలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు మోటారు సైకిళ్ళ మీద తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి వెళ్ళారు. రాబోయే యుద్ధంలో స్త్రీలు సైన్యానికి వార్తాహరులుగా పనికొస్తారని నిరూపించడానికి వెళ్తున్నామని చెప్పుకున్నారు. అంత దూరం వెళ్ళినా అడెలిన్ దరఖాస్తును సైన్యం తిరస్కరించింది. దారిలో ప్యాంట్లు వేసుకున్నందుకు పోలీసులు పట్టుకున్నారు కూడా. 2018లో మన హైదరాబాదు నుంచే జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు ఆగ్నేయాసియా దేశాల్లో వేల కిలోమీటర్లు మోటారు సైకిళ్ళ మీద తిరిగొచ్చారు. దానికీ పర్యాటకాన్ని ప్రోత్సహించడమనే లక్ష్యం ఉంది. ఆ స్త్రీలందరి మీదా నాకు గౌరవముంది. లక్ష్యం చెప్పకపోతే డబ్బూ రాదు, అనుమతీ రాదు, పత్రికల్లో ఫోటో కూడా రాదు. నా ప్రశ్న వాళ్ళకి కాదు. లక్ష్యం లేకపోతే స్త్రీకి దారి ఇవ్వనివాళ్ళకి.

మన్ననూరు దగ్గర అడవి గేటు ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్ళే ఆ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. జంతువుల కోసం పెట్టిన ఆ నియమం అందరికీ ఒకటే కాబట్టి దాంతో పేచీ లేదు. గేటు దగ్గర ఆగినప్పుడు తలమీద కట్టెల మోపుతో ఇద్దరు చెంచు స్త్రీలు రోడ్డు పక్కన నడిచిపోతున్నారు. ఈ అడవిలో "ఏ పని మీద?" అన్న ప్రశ్న మాకంటే వాళ్ళకే ఎక్కువసార్లు ఎదురవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో దొరికే తేనె, కుంకుళ్ళు, జిగురు వంటివాటి మీద వాళ్ళకి హక్కు ఇచ్చింది. పులుల పేరుతో గూడేల్ని తరలించే ప్రయత్నాలు మాత్రం ఆగలేదు. మమ్మల్ని అడిగితే మాకు చిరాకు వస్తుంది, అంతే. వాళ్ళని అడిగితే బతుకుతెరువు పోతుంది. ఒకే ప్రశ్న అందరి మీదా ఒకే బరువుతో పడదు.

రెండో రోజు దోర్నాల, ఆత్మకూరు మీదుగా అడవి దాటి సాయంత్రానికి నంద్యాల చేరాం. అక్కడ మొదట వెళ్ళిన లాడ్జిలో "మగోళ్ళు ఎవరూ లేకుండా లేడీస్‌కి రూమ్ ఇవ్వం మేడమ్" అన్నారు. అలాంటి చట్టం ఏదీ లేదు. మా లాయరు, "ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి, చాలు" అంది. గుమస్తా యజమానికి ఫోను చేశాడు, పోలీసులతో గొడవలొస్తాయన్నాడు, చివరికి గదులు ఖాళీ లేవన్నాడు. ఏడున్నర అవుతోంది. రెండో లాడ్జిలో గది ఇచ్చారు, రిజిస్టరు ముందు పెట్టారు. అందులో పేరు, ఊరు, ఫోను నంబరు పక్కన 'వచ్చిన పని' అని ఒక గడి. పై వరుసలు చదివాను. అన్నీ మగవాళ్ళ పేర్లే. సగం మంది 'సొంత పని' అని రాశారు. ఎవరూ వాళ్ళని ఆ సొంత పని ఏమిటని అడిగినట్టు లేదు. మా బ్యాంకు స్నేహితురాలు పెన్ను తీసుకుని 'ఊరికే' అని రాసింది. గుమస్తా ఆ మాట చూసి కంగారుపడ్డాడు. "అట్లా రాయకూడదు మేడమ్, చెకింగ్ వస్తే నన్నంటారు" అని, దాన్ని కొట్టేసి, తన చేత్తోనే 'మహానంది దర్శనం' అని రాసుకున్నాడు. ఆ రాత్రి దాని గురించి నవ్వుకుంటూనే ఉన్నాం. మహానంది మాత్రం చూడలేదు.

ఆ గదిలోనే మా టీచరు తన తండ్రి గురించి చెప్పింది. ఆమెది మాదిగ కుటుంబం. వాళ్ళ నాన్న మొదటిసారి సైకిలు కొనుక్కున్నప్పుడు పెద్ద కులాల వీధి రాగానే దిగి, నడిపించుకుంటూ పోయి, వీధి దాటాక మళ్ళీ ఎక్కేవాడట. "మీకు బండెక్కడం జెండర్ సమస్య. మాకు బండి దిగడం కూడా సమస్యే" అంది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడులోని శివగంగ జిల్లాలో బుల్లెట్ నడిపాడన్న కక్షతో ఒక దళిత విద్యార్థి చేతుల మీద కత్తులతో దాడి చేశారన్న ఫిర్యాదు వార్త ఆమె ఇంకా ఫోనులో దాచుకుంది. మగవాళ్ళకి రోడ్డు మీద కారణం చెప్పుకునే అవసరం లేదని పైన రాశాను. ఏ మగవాళ్ళకి, అన్న ప్రశ్న ఆమె వేసింది. అది వేయాల్సిన ప్రశ్నే. మా నలుగురిలో అందరికంటే బాగా బండి నడిపేది ఆమె. ప్రతి ఊరి మొదట్లోనూ వేగం తగ్గించి, అద్దంలో వెనక్కి చూసుకుని మరీ వెళ్తుంది. అది జాగ్రత్తా, జ్ఞాపకమా అని నేను అడగలేదు.

మూడో రోజు బనగానపల్లె దాటాక ఆమె పాత స్ప్లెండరుకే పంక్చరు పడింది. పంక్చరు అన్న మాట వినగానే మన రాష్ట్రాల్లో ఏ స్త్రీకైనా ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? 2019 నవంబరులో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర స్కూటరు ఆపి వెళ్ళిన ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. టైరులో గాలి తీసి, సాయం చేస్తామని నమ్మించారని పోలీసులు చెప్పారు. డిసెంబరు 6న నిందితులు నలుగుర్నీ ఎన్‌కౌంటర్ పేరుతో కాల్చేశారు. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీం కోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అంటే ఆమెకి న్యాయస్థానంలో జరగాల్సిన న్యాయం జరగనే లేదు. స్త్రీలకి మాత్రం సలహాలు మిగిలాయి. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్ళొద్దు, ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకి చెప్తూ ఉండండి. నేరం ఆమె పని మీద వెళ్ళొస్తుండగా జరిగింది. సలహాలేమో తిరగొద్దని. పని మీద వెళ్ళే స్త్రీ క్షేమంగా ఉంటుందన్న నమ్మకం ఆ ఒక్క ఘటనతోనైనా పోయి ఉండాల్సింది.

మా టీచరు ఇవేవీ మాట్లాడకుండా వెనక చక్రం విప్పి, ట్యూబు బయటికి తీసింది. చుట్టూ నల్లరేగడి చేలు, శనగ కోతలు జరుగుతున్నాయి. చిల్లు ఎక్కడుందో చూడటానికి నీళ్ళు కావాలి. చేలో ఉన్న ఆడవాళ్ళు బిందె తీసుకుని గట్టు మీదికి వచ్చారు. ఏడెనిమిది మంది కూలీలు, ఒక్కరే మగమనిషి, ఆయన చెట్టు కింద పడుకున్నాడు. ఆమె ట్యూబు నీళ్ళలో తిప్పి, బుడగలొచ్చిన చోట గీకి, సొల్యూషను రాసి ప్యాచ్ అంటిస్తుంటే వాళ్ళు చుట్టూ కూర్చుని చూశారు.

"యాటికి పోతాండారు మా?"

"గండికోటకి."

"పెండ్లికా?"

"కాదు."

"మరి దేవుని దగ్గరికా?"

"కాదమ్మా. ఊరికే, చూసొద్దామని."

"ఊరికేనా!" అని ఆమె వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది, "ఊరికే పోతాండారంట!" అందరూ నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు. ఇంతమంది ముందు ఇలా అనొచ్చా అన్నట్టున్న నవ్వు. వాళ్ళలో యాభై దాటిన ఒకామె, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది, నెమ్మదిగా అంది: "నేను కువైట్‌లో ఏడేండ్లు చేసినా మా. ఇమానం ఎక్కినా, దిగినా. ఊరికే మాత్రం యాడికీ పోల్యా."

రాయలసీమ నుంచి, ముఖ్యంగా కడప జిల్లా నుంచి, ఇంటిపనికి గల్ఫ్ దేశాలకి వెళ్ళిన స్త్రీల గురించి మనం చాలా రాశాం. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటుంది, వీసా యజమానితో ముడిపడి ఉంటుంది, వారానికొక సెలవు కూడా చాలామందికి దొరకదు. ఈమె ఏడేళ్ళలో సముద్రం ఒకే ఒక్కసారి చూసిందట, అదీ పిల్లల్ని ఆడించడానికి తీసుకెళ్ళినప్పుడు. వాళ్ళ వెనక పరుగెత్తడంలో సరిగ్గా చూడనేలేదంది. చదువు తక్కువగా ఉన్న స్త్రీలు ఇంటిపనికి ఇలాంటి దేశాలకి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. దాని ఫలితం చాలాచోట్ల వయసు తప్పుగా రాయించడం, విజిటింగ్ వీసాల మీద దొంగదారిన పంపడం. అక్కడ యజమాని మీద కట్టడి లేదు, ఇక్కడ ఆమె కదలిక మీద ఉంది. ఆమె కదలికకి సమాజం కావలసినంత అనుమతి ఇచ్చింది, సముద్రాలు దాటించింది కూడా. ఎందుకంటే అది పని. కువైట్ దాకా వెళ్ళొచ్చిన మనిషికి, తన చేనుకి ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోట తెలియదు.

చక్రం బిగించాక ఆమె బండి వైపు చూసి "ఒకసారి ఎక్కించుకో మా" అంది. లాయరు బుల్లెట్ మీద ఆమెని వెనక ఎక్కించుకుని రోడ్డు మీద ఒక కిలోమీటరు తీసుకెళ్ళి తెచ్చింది. మా హెల్మెట్టే పెట్టాం, తువ్వాలు మీద అది సరిగా ఇమడలేదు. తిరిగొచ్చాక "మీ ఆయన ఏమనడా?" అని లాయర్ని అడిగింది. పెళ్ళి చేసుకోలేదంటే కాసేపు ఆలోచించి, "అదీ సంగతి" అంది. తర్వాత ఒక చిన్నామె కూడా ఎక్కుతానంది. అప్పటికి చెట్టు కింద మనిషి లేచి, "పొద్దు పోతాంది, కొయ్యరా ఏంది?" అని అరిచాడు. కొడవళ్ళు పట్టుకుని చేలోకి దిగిపోయారు.

ఈ ప్రయాణం సంగతి విని ఉద్యమంలో నాకంటే పెద్దావిడ ఒకరు, "బస్సు రాని ఊళ్ళు ఇంకా ఉన్నాయి, లక్షన్నర బండ్ల మీద మధ్యతరగతి ఆడవాళ్ళు సరదాగా తిరిగిరావడం హక్కుల సమస్య ఎట్లా అవుతుంది?" అన్నారు. ఆమె మాటని తేలిగ్గా తీసిపారేయలేను. మాలో ఎవరూ దినకూలీలు కాదు. పెట్రోలుకీ లాడ్జికీ డబ్బుంది, సెలవు పెడితే జీతం పోదు. కానీ ఉచిత బస్సు వచ్చాక ఏం జరిగిందో చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. కూలికీ, కాలేజీకీ, ఆసుపత్రికీ వెళ్ళేవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. పేద స్త్రీ ఒకతె అక్కని చూడటానికో, గుడికో, ఏమీ తోచక పట్నం చూడటానికో బస్సెక్కితే మాత్రం వెక్కిరింతలు మొదలయ్యాయి. "పని లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అని. ఫోనుల్లో తిరిగిన జోకులన్నీ ఆ ఒక్క మాట మీదే. బుల్లెట్ మీద వెళ్ళే లాయరునీ, ఆధార్ కార్డు చూపించి బస్సెక్కే కూలీనీ ఒకే మాటతో కొడుతున్నారంటే అది మధ్యతరగతి సమస్య మాత్రమే ఎట్లా అవుతుంది?

1991లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో కలెక్టరు షీలారాణి చుంకత్ ఆధ్వర్యంలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మన నెల్లూరులో అదే అక్షరాస్యతా ఉద్యమం దూబగుంట నుంచి సారా వ్యతిరేక పోరాటానికి దారి తీసింది. అక్కడ సైకిలుకి దారి తీసింది. సైకిలు వల్ల నీళ్ళు తేవడం తేలికైంది, సరుకు అమ్ముకోవడం పెరిగింది అని నివేదికలు రాసుకున్నాం. సాయంత్రంపూట వాళ్ళు ఊరి బయట ఊరికే తొక్కుకుంటూ పోయి ఉంటారు కదా, దాన్ని ఏ నివేదికలో ఏ గడిలో రాస్తాం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీల స్వేచ్ఛని కొలవడానికి మూడు చోట్లు అడుగుతుంది. బజారుకి, ఆసుపత్రికి, ఊరి బయటికి ఒంటరిగా వెళ్ళడానికి మీకు అనుమతి ఉందా అని. 2019-21 సర్వేలో ఈ మూడింటికీ ఉందన్నవాళ్ళు సగం మంది కూడా లేరు. అంతకంటే నన్ను ఆపింది ఆ 'అనుమతి' అన్న మాట. స్వేచ్ఛని కొలిచే ప్రశ్నలోనే ఇంకొకరి చేతిలో తాళం ఉంది. ముంబయి నగరాన్ని అధ్యయనం చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే 2011లో రాసిన 'వై లాయిటర్' పుస్తకం ఈ తాళాన్నే పట్టుకుంది. స్త్రీకి బయట పని లేకుండా ఉండే హక్కు కావాలని వాళ్ళ వాదన. అది నగరం గురించి రాసింది. లారీలు, అడవులు, లాడ్జిలు ఉన్న రోడ్డు మీదికి ఆ వాదనని మనం తీసుకెళ్ళాలి. రాజ్యాంగం 19(1)(డి) అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ఇచ్చింది. దాని మీద పరిమితులు పెట్టాలంటే చట్టం ద్వారానే పెట్టాలి. లాడ్జి గుమస్తా, అత్తగారు, సామెత, వీటిలో ఏదీ చట్టం కాదు.

గండికోటలో పెన్నా లోయ అంచున ఒక గంటన్నర కూర్చున్నాం. ఎవరూ ఏమీ అడగలేదు, అక్కడికి వచ్చేవాళ్ళంతా ఊరికే వచ్చేవాళ్ళే కాబట్టి. బ్యాంకు స్నేహితురాలు ఇంటికి ఫోను చేయలేదు. అది మాత్రం రాయదగ్గ విషయం.

నాలుగో రోజు తాడిపత్రి, గుత్తి మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కి కర్నూలు దాటి వచ్చాం. ఆ రోజు మాలో ఒకరికి నెలసరి వచ్చింది. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ఉండాలన్నది చమురు కంపెనీల నియమమే. మేం ఆగిన మూడు బంకుల్లో ఒకచోట తాళం, ఒకచోట నీళ్ళు లేవు, మూడోచోట తలుపు పడదు. మగవాళ్ళకి రోడ్డంతా మరుగుదొడ్డే కాబట్టి ఈ ఫిర్యాదు ఎవరూ రాయరు. మా లాయరు మూడు బంకుల్లోనూ ఫిర్యాదు పుస్తకం అడిగి రాసింది. ఒకచోట పుస్తకం దొరకడానికే ఇరవై నిమిషాలు పట్టింది, అందులో అంతకుముందు ఒక్క పేజీ కూడా రాసి లేదు.

తిరిగొచ్చాక మా వీధిలోవాళ్ళూ, టీచరు స్కూలువాళ్ళూ కొందరు గేర్ల బండి నేర్పమని అడిగారు. ఆదివారాలు పొద్దున్న ఒక స్కూలు గ్రౌండులో మొదలుపెట్టాం. ఇప్పటికి తొమ్మిది మంది వస్తున్నారు. ఇద్దరు ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఒకరు రిటైరైన నర్సు. మొదటి రోజు అందరి ఇళ్ళల్లో బండ్ల ఆర్‌సీలు ఎవరి పేరున ఉన్నాయని అడిగాను. ఏడు ఇళ్ళల్లో బండి ఉంది. ఒక్కటే స్త్రీ పేరున ఉంది, అదీ స్త్రీ పేరున తీసుకుంటే వడ్డీ కాస్త తక్కువ పడిందని. కాబట్టి నేర్చుకోవడానికి స్ప్లెండరు ఒక్కటే ఉంది, వంతులవారీగా తిప్పుతున్నాం. క్లచ్ వదలడం దగ్గరే అందరికీ బండి ఆగిపోతోంది. హెల్మెట్లు రెండే ఉన్నాయి, ఇంకో నాలుగు కావాలి. పాతవైనా సరే, పగుళ్ళు లేనివి ఎవరి దగ్గరైనా ఉంటే పత్రిక చిరునామాకి తెలియజేయండి.